సనదు ఎవరు ఇయ్యవలెను?

మన కళాశాల కార్యాలయములో ఒక ఇనుప బీరువా ఉన్నది. అందులో కళాశాలను నడుపుచున్న సంఘము యొక్క రిజిస్ట్రేషను పత్రము భద్రముగా ఉన్నది. దానిని చూచిన విద్యార్థులు ఉండరు. ప్రవేశ దరఖాస్తునకు గాని, పరీక్ష రుసుమునకు గాని దానితో నిమిత్తము లేదు. అయినను అట్టి కాగితము లేనిచో సంస్థ పేరున భూమి నిలువదు, బ్యాంకులో ఖాతా తెరువబడదు, అధ్యాపకునికి జీతము బాకీపడినచో ఎవరిని అడుగవలెనో తేలదు. స్థాపకులు ఒకరి తరువాత ఒకరు కాలధర్మము చెందినను సంస్థ బ్రదికియుండుటకు ఆ కాగితమే ఆధారము.

మరి అట్టి కాగితమును ఇచ్చు అధికారము ఎవరిది? రాజుదా, శాసనసభదా, న్యాయస్థానముదా, కార్యాలయములో కూర్చుండు ఒక అధికారిదా? ఇది వకీళ్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్నయని తోచవచ్చును. కాని పందొమ్మిదవ శతాబ్దములో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న సామాన్య ఓటరు ముందుకు వచ్చినది. రాజ్యాంగములపైన, రాజ్యాంగ సవరణలపైన ఓటు వేయుచు ప్రజలు దీనికి సమాధానము చెప్పినారు. ఆ కథను, దానివలన మనము గ్రహింపదగిన విషయమును పాఠకుల ముందుంచుటకు ఈ వ్యాసములో ప్రయత్నించుచున్నాము.

కార్పొరేట్ అధికారములు అనగానేమి?

పదిమంది కలిసి ఒక వ్యాపారము పెట్టినారని అనుకొందము. వారిలో ఒకరు మరణించినచో భాగస్వామ్యము చెదరును. అప్పు మిగిలినచో ఋణదాత ఎవరి ఇంటికైనను వచ్చి తలుపు తట్టవచ్చును. అదే పదిమందిని చట్టము ఒక కార్పొరేషనుగా గుర్తించినచో పరిస్థితి మారును. ఆ పదిమందికి వేరుగా పదునొకండవ వ్యక్తి ఒకడు పుట్టినట్లగును. అతనికి శరీరము లేదు, మరణము లేదు. కాని పేరు ఉన్నది, ముద్ర ఉన్నది. తన పేరున ఆస్తి సంపాదింపవచ్చును, ఒప్పందము చేసికొనవచ్చును, దావా వేయవచ్చును, దావాకు గురి కావచ్చును. సభ్యులు మారినను తాను మారడు. వాటాదారుని బాధ్యత అతడు పెట్టిన సొమ్మునకు మాత్రమే పరిమితము కావచ్చును. ఈ హక్కుల సముదాయమునకే కార్పొరేట్ అధికారములని పేరు.

ఇట్టి వ్యక్తిని సృష్టించుట సామాన్య విషయము కాదు. కావుననే పూర్వము ఇది రాజుల సొత్తుగా ఉండెడిది. 1600 సంవత్సరము డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టరు వలన ఈస్టిండియా కంపెనీ జన్మించినది. ఒక కాగితముపై పుట్టిన ఆ వ్యక్తి కాలక్రమమున మన దేశమునే ఏలినాడు. సనదు ఎవరు ఇచ్చినారు, ఏ షరతులపై ఇచ్చినారు అను ప్రశ్నలు ఎంత దూరము పోగలవో భారతీయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

శాసనసభ వాకిట బేరములు

1776లో అమెరికా వలసలు స్వాతంత్ర్యము ప్రకటించిన పిదప రాజు అధికారము రాష్ట్ర శాసనసభలకు సంక్రమించినది. వంతెన కట్టవలెనన్నను, బ్యాంకు పెట్టవలెనన్నను, రైలుమార్గము వేయవలెనన్నను శాసనసభ దానికొరకు ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసి ఉండెను. ఆ చట్టమే ఆ సంస్థకు సనదు. సంస్థ వలన ప్రజలకేమి మేలు కలుగునో ప్రతి సందర్భములోను విచారింపవచ్చునని ఈ పద్ధతిలోని సదుద్దేశము.

కాని ఆచరణలో జరిగినది వేరు. సభ్యులతో పరిచయమున్నవానికి సనదు లభించినది, లేనివానికి వాయిదా లభించినది. న్యూజెర్సీ రాష్ట్రమునే చూడుడు. 1791లో అలెగ్జాండర్ హామిల్టన్ ప్రోత్సాహముతో ఏర్పడిన ఒక పరిశ్రమల సంఘమునకు ఆ రాష్ట్రము పన్నుల మినహాయింపులతో కూడిన సనదు ఇచ్చినది. 1830లో కామ్డెన్ అండ్ అంబాయ్ రైలు కంపెనీకి సనదు ఇచ్చినది. న్యూయార్కు, ఫిలడెల్ఫియా నగరముల మధ్య ప్రయాణమంతయు క్రమముగా ఆ కంపెనీ గుత్తసొత్తయినది. ప్రతిఫలముగా రాష్ట్రమునకు వాటాలు, రవాణా సుంకములు ముట్టినవి. కంపెనీ లాభమే రాష్ట్ర ఖజానాకు లాభమైనప్పుడు పోటీదారునకు సనదు ఇచ్చువాడెవడు? న్యూజెర్సీని ‘కామ్డెన్ అండ్ అంబాయ్ రాష్ట్రము’ అని ఆనాటివారు ఎద్దేవా చేయుటలో వింత లేదు. 1873లో సామాన్య రైల్వే చట్టము వచ్చువరకు ఆ గుత్తాధిపత్యము సాగినది.

ఒక కళాశాల కథ

ఈ చరిత్రలో ఒక కళాశాల కథ కూడ ఉన్నది. కళాశాల విద్యార్థులు దానిని తప్పక తెలిసికొనవలెను.

న్యూహాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కళాశాలకు 1769లో మూడవ జార్జి రాజు పేర సనదు లభించినది. 1816లో ఆ రాష్ట్ర శాసనసభ ఒక చట్టము చేసి కళాశాలను విశ్వవిద్యాలయముగా మార్చినది, ధర్మకర్తల సంఖ్యను 12 నుండి 21కి పెంచినది, వారిపై మరియొక పర్యవేక్షక మండలిని నియమించినది. పాత ధర్మకర్తలు దీనిని అంగీకరింపలేదు. కళాశాల ముద్ర, సనదు, లెక్కల పుస్తకములు కార్యదర్శియైన విలియం వుడ్‌వర్డ్ చేతిలో ఉండెను. అతడు కొత్త మండలి పక్షము వహించినాడు. వానిని తిరిగి ఇప్పించవలెనని ధర్మకర్తలు దావా వేసినారు. ఆ కళాశాల పూర్వ విద్యార్థియైన డేనియల్ వెబ్‌స్టర్ సుప్రీంకోర్టులో వారి తరఫున వాదించినాడు.

1819లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పినాడు. సనదు ఒక ఒప్పందము. ఒప్పందముల బలమును తగ్గించు చట్టము చేయుటకు రాష్ట్రములకు అధికారము లేదు. కావున శాసనసభ చేసిన మార్పు చెల్లదు. ఇది ఆ తీర్పు సారాంశము. కళాశాల నిలిచినది. అయితే అదే తీర్పు రైలు కంపెనీలకు, బ్యాంకులకు కూడ కవచమైనది. ఒకసారి సంపాదించిన సనదు శాశ్వతమన్న వాదమునకు బలము చేకూరినది. న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ తన ప్రత్యేకాభిప్రాయములో దీనికి ఉపాయమును కూడ సూచించినాడు. సనదు ఇచ్చునప్పుడే మార్చు హక్కును శాసనసభ తనకు ఉంచుకొనవచ్చునని అతని భావము. తరువాత అనేక రాష్ట్రములు ఆ మార్గమునే అనుసరించినవి.

ఓటరు ముందుకు వచ్చిన ప్రశ్న

రోగము తెలిసినది. మందు విషయములో మొదట పొరపాటు జరిగినది. న్యూయార్కు రాష్ట్రము 1821 రాజ్యాంగములో, కార్పొరేషనును సృష్టించు ప్రతి చట్టమునకు ఉభయ సభలలో మూడింట రెండు వంతుల సభ్యుల సమ్మతి కావలెనని నియమము పెట్టినది. కాని దానివలన బేరములు ఆగలేదు. ఎక్కువమంది సభ్యుల సమ్మతి కావలసి వచ్చినప్పుడు ఎక్కువమందిని సంతృప్తి పరుపవలసి వచ్చినది.

అంతట ఆలోచన మరియొక దారి పట్టినది. సనదును కష్టసాధ్యము చేయుట కాదు, అందరికి ఒకే నియమము పెట్టుటయే మందు అని విజ్ఞులు గ్రహించినారు. 1846లో న్యూయార్కు ప్రజలు ఆమోదించిన రాజ్యాంగము, సామాన్య చట్టముల క్రిందనే కార్పొరేషనులు ఏర్పడవలెనని, కొన్ని మినహాయింపులు తప్ప ప్రత్యేక చట్టములు కూడవని శాసించినది. 1851లో ఒహైయో ప్రజలు ఆమోదించిన రాజ్యాంగము ఇంకను కఠినముగా, కార్పొరేట్ అధికారములనిచ్చు ప్రత్యేక చట్టమేదియు శాసనసభ చేయరాదని నిషేధించినది.

రైలు కంపెనీ నీడలో మసలిన న్యూజెర్సీకి ఆ వంతు 1875లో వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన సవరణలలో ఇది ఒకటి: శాసనసభ ప్రత్యేక చట్టముతో కార్పొరేట్ అధికారములు ఇయ్యరాదు, సామాన్య చట్టములు చేయవలెను, ఆ చట్టముల వలన పొందిన అధికారములు శాసనసభ ఇచ్ఛానుసారము మార్పునకు, రద్దునకు లోబడి ఉండవలెను. డార్ట్‌మత్ తీర్పునకు అదియే జవాబు. అదే సందర్భములో ఆ రాష్ట్ర రాజ్యాంగములోని ఓటుహక్కు నిబంధన నుండి ‘తెల్లజాతి’ అను మాట తొలగింపబడినదని కూడ గుర్తింపవలెను. అందరికి ఒకే నియమము అను సూత్రము కంపెనీలకును, మనుష్యులకును ఒకేసారి రాజ్యాంగములో చోటు సంపాదించినది.

జార్జియా: మూడు ద్వారములు

సనదు ఎవరు ఇయ్యవలెను అను ప్రశ్న అతి స్పష్టముగా కనబడునది జార్జియా రాష్ట్రములో. అక్కడి 1877 రాజ్యాంగము ప్రైవేటు కంపెనీలకు కార్పొరేట్ అధికారములిచ్చు హక్కును శాసనసభ నుండి తొలగించి న్యాయస్థానములకు అప్పగించినది. ఎన్నికల కేంద్రములను ఏర్పరచుట, వంతెనలు, రేవులు స్థాపించుట, పిల్లల పేర్లు మార్చుట వంటి చిల్లర పనులను కూడ అదే నిబంధనలో చేర్చి శాసనసభను ఆ భారము నుండి తప్పించినది. కాని ఏడు విధముల కంపెనీలకు మినహాయింపు ఇచ్చినది. అవి బ్యాంకు, బీమా, రైలు, కాలువ, నౌకాయానము, వస్తువులను చేరవేయు ఎక్స్‌ప్రెస్ కంపెనీలు, తంతి కంపెనీలు. వీనికి సనదు ఇచ్చు అధికారము శాసనసభ చేతనే మిగిలినది.

గమనింపుడు. సామాన్య కర్మాగారమునకు న్యాయమూర్తి చాలును. ధనబలము అధికముగా గల ఏడు వ్యాపారములకు మాత్రము పాత వాకిలియే తెరచియున్నది. ఎక్కడ బేరమునకు అవకాశము అధికమో అక్కడనే సంస్కరణ ఆగినది.

ఈ లోపమును సరిదిద్దుటకు 1890 దశకపు తొలి సంవత్సరములలో రాజ్యాంగ సవరణ జరిగినది. ఆ ఏడు విధముల కంపెనీలకు కార్పొరేట్ అధికారములను ఇకపై రాష్ట్ర కార్యదర్శి, చట్టము నిర్దేశించిన రీతిని ఇయ్యవలెనని దాని తాత్పర్యము. జార్జియాలో సవరణకు ఉభయ సభలలో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజల ఓటు రెండును కావలెను. అనగా శాసనసభ తన చేతిలోని అధికారమును తానే వదలుకొనుటకు అంగీకరింపవలెను, ప్రజలు దానికి ముద్ర వేయవలెను. చూచుటకు శుష్కమైన ప్రశ్న. పొలము నుండి వచ్చిన ఓటరునకు రాష్ట్ర కార్యదర్శి ఎవరో కూడ తెలియకపోవచ్చును. కాని తన ఊరికి రైలు వేయు కంపెనీ ఎవరి గుమ్మము ఎక్కవలెను అను విషయము ఆ ప్రశ్నలోనే ఇమిడియున్నది.

ఈ విధముగా శాసనసభ, న్యాయస్థానము, కార్యనిర్వాహకాధికారి అను మూడు ద్వారములను ఒకే రాష్ట్ర చరిత్రలో చూడగలుగుచున్నాము. శాసనసభ్యుడు ‘ఇచ్చెదను, ఇయ్యను’ అనగలడు. అధికారి అట్లు అనజాలడు. షరతులు నెరవేరినచో ఇయ్యవలెను, నెరవేరనిచో నిరాకరింపవలెను. దయగా ఉన్నది హక్కుగా మారినది. అందులోనే దాని గొప్పతనమున్నది.

ఇచట మరియొక మాట చెప్పనిచో సత్యమునకు లోపము చేసినవారమగుదుము. ప్రజలు ఓటు వేసినారని అన్నాము. ఏ ప్రజలు? స్త్రీలకు ఓటు లేదు. జార్జియా 1877 రాజ్యాంగము ఓటు వేయుటకు తలపన్ను బకాయిలన్నియు చెల్లింపవలెనని నిబంధించినది. దానివలన పేదలు, ముఖ్యముగా నల్లజాతివారు, ఓటునకు దూరమైనారు. కంపెనీల విషయములో విశేషాధికారమును ద్వేషించిన ఆ రాజ్యాంగమే మనుష్యుల విషయములో విశేషాధికారమును కాపాడినది. ప్రజాభిప్రాయ సేకరణ యొక్క విలువను తూచునప్పుడు ప్రశ్న ఏమిటన్నది మాత్రమే చాలదు. దానికి జవాబు చెప్పుటకు ఎవరిని లోనికి రానిచ్చినారో కూడ చూడవలెను.

లాభమేమి, నష్టమేమి?

సామాన్య చట్టముల వలన లంచములకు ఒక పెద్ద ద్వారము మూతపడినది. చిన్న వర్తకుడు సైతము పలుకుబడి లేకుండ కంపెనీ స్థాపింపగలిగినాడు. కాని ప్రత్యేక సనదు కాలములో నామమాత్రముగానైనను అడిగెడి ఒక ప్రశ్న క్రమముగా అంతరించినది. ఈ సంస్థ వలన లోకమునకేమి మేలు? రుసుము చెల్లించినవాని నుండి అధికారి ఆ ప్రశ్న అడుగవలసిన పని లేదు.

మరియొక విపరీతము కూడ జరిగినది. 1875లో ప్రజలు సంస్కరించిన న్యూజెర్సీయే 1880 దశకము చివర నుండి తన సామాన్య చట్టములను మిక్కిలి సడలించి, ఒక కంపెనీ ఇతర కంపెనీల వాటాలను కొనవచ్చునని అనుమతించినది. ఇతర రాష్ట్రముల వ్యాపారులు అక్కడకు తరలివచ్చినారు. 1899లో స్టాండర్డ్ ఆయిల్ సామ్రాజ్యమంతయు న్యూజెర్సీ కంపెనీ ఛత్రచ్ఛాయలోనికి వచ్చినది. 1913లో గవర్నరు వుడ్రో విల్సన్ కాలములో ఆ రాష్ట్రము కఠిన చట్టములు చేసినది. వెంటనే కంపెనీలు పొరుగున ఉన్న డెలావేర్ దారి పట్టినవి. 1899లోనే సరళమైన చట్టము చేసికొన్న ఆ చిన్న రాష్ట్రములో నేడు అమెరికాలోని 500 పెద్ద కంపెనీలలో మూడింట రెండు వంతులకు పైగా నమోదై ఉన్నవి. పూర్వము కంపెనీలు రాష్ట్రముల కొరకు పోటీపడినవి. ఇప్పుడు రాష్ట్రములు కంపెనీల కొరకు పోటీపడుచున్నవి. 1933లో న్యాయమూర్తి బ్రాండైస్ ఒక అసమ్మతి తీర్పులో ఈ పోటీ వలని ప్రమాదమును సవిస్తరముగా వివరించినాడు.

దీనివలన తేలుచున్నదేమి? సనదు ఎవరిత్తురు అనునది ఒక ప్రశ్న. ఏ షరతులపై ఇత్తురు అనునది రెండవది. ఇచ్చిన పిమ్మట మార్చుటకు ఎవరికి హక్కు అనునది మూడవది. జార్జియా ఓటరు మొదటిదానికి జవాబు చెప్పినాడు. రెండవదానిని విస్మరించినచో ఏమగునో న్యూజెర్సీ చూపినది. మూడవదానికొరకు డార్ట్‌మత్ కళాశాల పోరాడినది. ఒకదానికి జవాబు చెప్పి మూడింటిని చెప్పినట్లు భావించుట పొరపాటు.

మన సంగతి

మన దేశములో ఈ ప్రశ్నను ఓటరు ముందు పెట్టలేదు, రాజ్యాంగమే పరిష్కరించినది. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 43, 44 అంశముల క్రింద వర్తక కార్పొరేషనులు, ఒక రాష్ట్రమునకు పరిమితము కాని కార్పొరేషనులు కేంద్రమునకు చెందినవి. రాష్ట్ర జాబితాలోని 32వ అంశము క్రింద ఇతర కార్పొరేషనులు, విశ్వవిద్యాలయములు, సాహిత్య, ధార్మిక సంఘములు, సహకార సంఘములు రాష్ట్రములకు చెందినవి. కంపెనీల రిజిస్ట్రేషను మనకు 1850 నాటి చట్టముతోనే ఆరంభమైనది. నేడు అమలులో ఉన్నది 2013 చట్టము. మన ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నిజాము ఫర్మానా వలన జన్మించి, తదుపరి 1959 నాటి శాసనసభ చట్టము క్రిందికి వచ్చినది. సనదు ఇచ్చిన చేయి మారినను సంస్థ నిలిచినది.

అయితే మైనారిటీ విద్యాసంస్థలకు నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. సనదు ఇచ్చినవాడే స్థాపకుడగునా? రాజ్యాంగములోని 30వ అధికరణము మత, భాషా మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును ఇచ్చినది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో ప్రారంభించిన విద్యాలయమే పెరిగి 1920లో చట్టము ద్వారా విశ్వవిద్యాలయమైనది. ఆ చట్టము వలన పుట్టినది గనుక దానిని ముస్లిములు స్థాపించినట్లు కాదని 1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2024 నవంబరు 8వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 4:3 ఆధిక్యముతో ఆ సూత్రమును తోసిపుచ్చినది. చట్టము ద్వారా రూపము పొందినంత మాత్రమున సంస్థ మైనారిటీ స్వభావము కోల్పోదని, ఆలోచన ఎవరిది, ధనము ఎవరిది, శ్రమ ఎవరిది అని విచారింపవలెనని చెప్పినది. అలీగఢ్ విషయమున తుది నిర్ణయమును మాత్రము వేరొక ధర్మాసనమునకు వదలినది.

పుట్టిన శిశువు పేరును మునిసిపాలిటీ పుస్తకములో వ్రాయుదురు. వ్రాసిన గుమాస్తా శిశువునకు తండ్రి కాడు. కాని ఆ వ్రాత లేనిచో శిశువునకు చిక్కులు కలుగవచ్చును. సనదు మహత్త్వమును, దాని పరిమితిని ఈ ఉపమానము తెలుపగలదని తలచుచున్నాము.

ఇనుప బీరువాలోని కాగితమునకు మరలి వత్తము. దానిపై రిజిస్ట్రారు సంతకమున్నది, ముద్ర ఉన్నది. దానికి పూర్వము ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేసినవారి చెమట దానిపై కనబడదు. సనదు సంస్థకు చట్టములో ప్రాణము పోయును. ఆ ప్రాణమును నిలుపువారు అందులో చదువువారు, చెప్పువారు. ఎప్పుడైనను మన రాష్ట్రములో గాని, దేశములో గాని సంస్థల అధికారములను గూర్చి చట్టము వచ్చినప్పుడు, ఇది వకీళ్ల వ్యవహారమని పత్రికను మడిచి పెట్టక ఆ నాలుగు ప్రశ్నలు వేయుడు: ఇచ్చువాడెవడు, షరతులేమి, మార్చు హక్కెవరిది, స్థాపకుడెవరు? మన విద్యార్థులు ఆ ప్రశ్నలు వేయ నేర్చినచో మా ఈ చిన్న ప్రయత్నము సఫలమైనట్లే.